ఊ కొట్టిన గొంతు

చీర ఉయ్యాల ముడిని ఒకసారి గట్టిగా లాగి చూసి, దాని తాడు కొసన ఉన్న ఉచ్చును కాంతమ్మ కాలి బొటనవేలికి తగిలించుకుంది. టైల్స్ మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంది. పాదం కదిపితే ఉయ్యాల కదులుతుంది. మడమలు పగిలి నల్లబడినా, ఆ వేలి చుట్టూ చర్మం మాత్రం నున్నగా అరిగిపోయింది. తెనాలిలో ఎందరి పిల్లలనో నిద్రపుచ్చిన వేలు అది.

"కొలకలూరులో మా ఇంటెనకాల బర్రె ఈనిందే తల్లీ," అని ఆగింది.

"ఊ," అంది ఉయ్యాల.

శ్రీనిధికి ఇంకా ఏడాది నిండలేదు. మాటలు రాలేదు. కానీ ఎక్కడ ఊ కొట్టాలో తెలుసు. ఆ ఊ పసిపిల్లల ఊలా పైకి లేవదు. గీసుకుంటూ మొదలై, సాగి, చివర కిందికి జారిపోతుంది. రైసుమిల్లు తవుడు దుమ్ము పట్టిన సంజీవరావు గొంతు అది. కాంతమ్మ భర్త. పాప పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే పోయాడు.

ఆ ఊ కోసమే ఆమె గుండెల్లో నొప్పిని చెప్పకుండా పనికి వస్తోంది.

పొద్దున బ్యాంకుకు వెళ్తూ పాప తల్లి శ్రీలక్ష్మి గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదేంటండీ, ముసలాయన మూలిగినట్టు?"

"పళ్లొస్తన్నాయేమోనమ్మా."

"పళ్లొస్తే మగ గొంతొస్తుందా? నాకు భయమేస్తోందండి. రేపు బాపట్ల నుంచి మా అత్తయ్య వస్తున్నారు. ఇక మీరు రావద్దులెండి."

రేపటి నుంచి పాప వేరే గొంతులు వింటుంది. నెల తిరిగేసరికి ఈ ఊ మరిచిపోతుంది.

"దూడకి నుదుట చుక్కుందే," అంది కాంతమ్మ.

"ఊ."

ఆమె తల ఎత్తి చూసింది. పాప నోరు మూసుకుని నిద్రపోతోంది. కాంతమ్మ మెల్లగా తన మెడ మీద చెయ్యి పెట్టుకుంది. వేళ్ల కింద గొంతు ఇంకా వణుకుతోంది.

పొయ్యి దగ్గర, ఆటోలో, ఈ చాప మీద, ఇన్నేళ్లూ తన ప్రతి మాటకూ ఆయన గొంతుతో తనే బదులిచ్చుకుంది. తనకు తెలియలేదు. పాప విని నేర్చుకుంది.

ఉయ్యాలలో కదలిక. పాప లేచింది.

"అసలు సంగతి చెప్పలేదు కదూ నీకు. ఆ దూడ..."

మాట ఆగింది. కాసేపటికి పాదం ఆగింది. ఉయ్యాల నెమ్మదించి నిలబడింది.

"ఊ," అంది పాప. ఎదురుచూసింది. మళ్లీ "ఊ" అంది.

సాయంత్రం శ్రీలక్ష్మి తలుపు తీసేసరికి కూడా పాప అలాగే అంటోంది.

కొలకలూరు నుంచి బంధువులు వచ్చి కాంతమ్మ శవాన్ని తీసుకెళ్లారు. పాపను ఎత్తుకుని శ్రీలక్ష్మి పక్కగదిలోకి పోయింది. అక్కడి నుంచి ఇంకా ఊ వినిపిస్తూనే ఉంది. ఖాళీ ఉయ్యాల కింద, తాడు కొసన ఉచ్చు బొటనవేలంత గుండ్రంగా తెరుచుకుని ఉంది.