కొంగ కాలెత్తిన పుస్తకం

హాజరు కోసం ఫోనుకు మొహం చూపించడం సామ్రాజ్యం టీచరుకు రోజూ ఒక తలనొప్పి. కళ్లజోడు పెట్టుకుంటే ఫోను ఆమెను గుర్తుపట్టదు. తీసేస్తే ఆమెకు ఫోను కనపడదు. ఆయా మస్తానమ్మ చీపురు పట్టుకుని సగం మొహం చూపించినా చాలు, ఠక్కున గుర్తుపట్టేస్తుంది. ఫోనుకు కూడా మస్తానమ్మే కావాలి.

జువ్వలదిన్నె అంగన్‌వాడీలో సామ్రాజ్యం ఇరవై రెండేళ్లుగా టీచరు. పిల్లల బరువులు తూచింది, గుడ్లు పంచింది, అన్నీ ఓర్చుకుంది. ఆ బొమ్మల పుస్తకాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయింది. అందులో ఒక్క అక్షరం లేదు. ఒంటికాలి మీద ఆడే కొంగ, దాన్ని చూసి ఆట నేర్చుకునే పాప, వాళ్లిద్దరి స్నేహం, అంతే. చదువురాని మస్తానమ్మ దాన్ని రోజుకో రకంగా చెప్పేది. సోమవారం కొంగ అలిగేది. మంగళవారం పాపతో పడవెక్కేది. పిల్లలు ఒంటికాలి మీద గెంతి గెంతి, ఉప్పుచేపల వాసనేసే ఆమె ఒడిలో చోటుకోసం కొట్టుకునేవాళ్లు. ఇస్త్రీ చీర కట్టిన సామ్రాజ్యం ఒడి ఖాళీగా ఉండేది.

ఇవాళ మస్తానమ్మ ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆమె పోయేలోగా పిల్లలు ఒక్కసారైనా తన నోటినుంచి ఆ కథ వినాలని సామ్రాజ్యం పట్టుదల. నిన్న సాయంత్రం ప్రతి బొమ్మ కిందా బాల్‌పెన్నుతో గుండ్రంగా రాసేసింది: ‘ఇది కొంగ. ఇది పాప. కొంగ ఆడుచున్నది.’

అన్నాలయ్యాక మస్తానమ్మ పుస్తకం తెరిచింది. అక్షరాల మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“ఇదేంది టీచరమ్మా, రాతలొచ్చినాయే?”

“పుస్తకమన్నాక రాతలుండాల గదా మస్తానమ్మా.”

“అయ్యో, ఇన్నాళ్లూ నేను తప్పు కథ చెప్పినానేమో. మీరే చదవండమ్మా.” పుస్తకాన్ని రెండు చేతులా అందించింది.

సామ్రాజ్యం గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“ఈ పొద్దు కొంగ అలగలా?” అంది నాలుగేళ్ల కెజియా.

“అట్టా రాసిలేదు. కూర్చో.”

నాలుగో పేజీకి ముగ్గురు నిద్రపోయారు. తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్నది మస్తానమ్మ ఒక్కతే. “బాగుండాది టీచరమ్మా,” అంది. నాలుగింటికి తాళంచెవి మేకుకు తగిలించి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

“రేపు అవ్వ రాదంట గదా టీచరమ్మా,” అంది ఇంటికి పోబోతూ కెజియా. “కొంగన్నా వస్తాదా?”

అప్పటినుంచి సామ్రాజ్యం రబ్బరుతో రుద్దింది, నిమ్మకాయ పిండింది, శానిటైజరు పూసింది. అక్షరాలు చెక్కుచెదరలేదు. కొంగ పైకెత్తిన కాలు మాత్రం చెరిగిపోయింది. అయ్యా, అమ్మా, బాల్‌పెన్ను రాత పోయే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి. తడిసిన పుస్తకం కిటికీలో ఆరుతోంది, కొంగ ఆ మిగిలిన ఒక్క కాలి మీదే నిలబడి ఉంది.