పెట్టె మీది పేరు

కొత్త సబ్‌స్టేషను వచ్చాక వాల్వులు ఊళ్ళోనే తయారై, విదేశీ వాల్వులు కొనడం తగ్గిందో లేదో తేల్చాల్సింది ప్రభుత్వం తనిఖీకి పంపిన ఆవిడే. నీటి సరఫరా గోదాం రిజిస్టర్లలో మూడేళ్ళుగా ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు. ప్రయోజనం లేదని రాస్తే కరెంటు లైనును ఇంకో చోటికి తరలిస్తారు. రాసే ముందు, ఆ లైను మీదే బతుకుతున్న పోతపని షెడ్డును ఒకసారి కళ్ళారా చూద్దామని వెళ్ళింది.

ముసలి మేస్త్రి కొలిమి చూపించాడు. ఇదివరకు మధ్యలో కరెంటు పోతే కరిగిన ఇనుమంతా అందులోనే గడ్డకట్టేదట. ఇప్పుడు రోజుకు పది వాల్వులు పోస్తున్నారట. మరి అవన్నీ ఎక్కడికి పోతున్నాయని అడిగితే నీళ్ళు నమిలాడు. మూలన విదేశీ కంపెనీ ముద్రతో పాత అట్టపెట్టెలు దొంతరగా కనిపించేసరికి ఆవిడకు ఒళ్ళు మండింది.

"మోసం చేస్తున్నారా మేస్త్రి గారూ?"

"సరుకులో మోసం లేదమ్మా. మొదటి లోడు మామూలు పెట్టెల్లో పంపితే గోదాంవాళ్ళు విప్పకుండానే తిప్పి పంపారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. అవే వాల్వులు ఈ పెట్టెల్లో పంపితే మారుమాట లేకుండా దించుకున్నారు."

నిజం చెబితే ఆర్డరు పోతుంది, చెప్పకపోతే కరెంటు పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మేస్త్రి చొక్కా తొడుక్కుని ఆవిడ వెంట గోదాముకు బయలుదేరాడు. దారిలో తన అలవాటొకటి ఆవిడకు చెప్పాడు. ఇసుక అచ్చు మూసేముందు గోటితో ఒక నొక్కు నొక్కుతాడు. అది వాల్వు లోపలి అంచున చిన్న బొడిపెగా తేలుతుంది.

గోదాం అధికారి విదేశీ సరుకును పావుగంట పొగిడాడు. మూడేళ్ళలో ఒక్క చుక్క కారలేదట, మనవాళ్ళు తలకిందులుగా తపస్సు చేసినా అలా చేయలేరట. ఆవిడ అన్నీ విని, గోదాంలో నిల్వ ఉన్న పెట్టెలన్నీ విప్పించింది. నూట ఎనభై వాల్వులు, నూట ఎనభై బొడిపెలు. అధికారి కూడా తడిమి చూసుకుని, తేలు కుట్టిన దొంగలా రిజిస్టరు దిద్ది సంతకం పెట్టాడు.

"సరుకు మంచిదే. పెట్టె మీద మాత్రం మీ పేరు వేయకండి, పై ఇంజనీరు ఒప్పుకోడు," అన్నాడు చివరికి.

మేస్త్రి తలూపాడు. ఆవిడకు మాత్రం కోపం ఆగలేదు. అక్కడే కూర్చుని, లైను ఉంచాలని, ఆ వాల్వులు చేసింది ఎవరో పూర్తి పేరుతో సహా రిపోర్టులో రాసింది. రాసింది ఆయనకు చదివి వినిపించింది.

మేస్త్రి చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ పేరున్న ముక్క ఇంకోసారి చదవమ్మా."