పేక అంచున గోటి నొక్కు

కొండయ్య కుడిచేయి బల్ల మీద పరిచి ఉంది. దాని పక్కనే సుత్తి. చేయి కదలకుండా మణికట్టు మీద ప్రేమ్ సాగర్ తన బరువంతా వేసి నిలబడ్డాడు.

చందన షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"రామ్మా, రా," అన్నాడు సురేంద్ర, పెళ్లింట్లో ఎదురొచ్చినంత మర్యాదగా. "నీ కోసమే ఆపినాం. పేక చూసి చెప్పు. గుర్తులు పెట్టింది ఈ ముసిలోడే అంటే వేళ్లు ఇరగ్గొట్టి పంపిస్తాం."

"కాదంటే?"

"కాదంటే ఎవుడో చెప్పాల. ఎవుడో ఒకని చెయ్యి ఈ బల్ల మీద పడాల్సిందే. లేకుంటే నా షెడ్డుకు ఇంగ ఎవడొస్తాడు?"

ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న పాత విత్తనాల గోడౌను అది. లోపల ప్రతి శనివారం మూడు ముక్కలాట నడుస్తుంది. నడిపేది సురేంద్ర. అతని కుడిభుజం బావమరిది ప్రేమ్ సాగర్. కొండయ్య కాపలాదారు. నల్లమల నుంచి దిగి వచ్చిన మనిషి. ఎండాకాలం వస్తే మళ్లీ అడవికి పోయి, కొండచరియల మీద తాడు పట్టుకుని వేలాడుతూ తేనె తీస్తాడు.

చందన నంద్యాలలో చీరల దుకాణంలో పనిచేస్తుంది. అంతకు ముందు గోవాలో, ఓడ మీది కేసినోలో పేక పంచేది. ఆ సంగతి తమ్ముడు నరేశ్ ఈ షెడ్డులో గొప్పగా చెప్పుకున్నాడు. అందుకే ఈ పిలుపు. బస్సు దిగిన ఆమెను నరేశే బైకు మీద తీసుకొచ్చాడు. దారంతా ఒకటే పాట. "ఆ ముసిలోడేనక్కా. నువ్వు ఊ అంటే చాలు, పోదాం."

గేటు దగ్గరే ఆమె ఫోన్ తీసేసుకున్నారు.

"ఈయన మీదే అనుమానం ఎందుకన్నా?" అని అడిగింది.

"శుక్రవారం కొత్త పేక విప్పి పోలేరమ్మ పటం ముందర పెడతాం. పసుపు, కుంకుమ, దీపం. శనివారం మధ్యాహ్నం దాకా అది ఆడ్నే ఉంటాది. కాపలా ఈ ముసిలోడొక్కడే. ఆట మొదలైనాక పేక అందరి కండ్ల ముందరే. అయిపోతే బీరువాలో. బీగాలు నా మొలతాడుకే."

చందన లోలోపల నిట్టూర్చింది. గోవాలో పేక సీలు ఆడేవాళ్ల కళ్లెదుటే చించుతారు. ఇక్కడ అమ్మవారి ముందు చించుతారు. అమ్మవారి దగ్గర పెట్టిన పేకని అనుమానించే ధైర్యం ఇన్నాళ్లూ ఎవరికీ రాలేదు.

"నేను ముట్టుకోలా నాయనా," అన్నాడు కొండయ్య. "దీపం కొండెక్కకుండా చూసినా, అంతే. నాకు ఆసేదో రాజేదో కూడా తెలీదు."

"తెలీనోనివి అంత ఏడుపెందుకురా?" అన్నాడు ప్రేమ్ సాగర్. పోయినవారం అతనే బాగా పోగొట్టుకున్నాడు. ఈ పొద్దున బీరువాలోంచి ఆ పేక తీయించి, ఆసు అంచు మీద నొక్కు కనిపెట్టింది కూడా అతనే.

పోయినవారం పేకని చందన ఎడమచేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని, బొటనవేలితో అంచులు తడుముతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. గోటితో నొక్కిన చిన్న పల్లం. తిప్పి చూస్తే ఆసు. నొక్కు సరిగ్గా అంచు మధ్యలో ఉంది. ఇంకొకటి, రాజు. నొక్కు కొంచెం పైన. రాణికి ఇంకా పైన, మూలకి ఆనుకుని.

ఆ మూడు ముక్కలూ ఆమె మళ్లీ తడిమింది.

మామూలు దొంగ ఆసుకి మూల దగ్గర గుర్తు పెడతాడు. పేక పట్టుకోగానే ముందు మూలే చేతికి తగులుతుంది కాబట్టి. దీన్ని తిరగేసి మధ్యనుంచి మొదలుపెట్టే పద్ధతి వేరే ఎవరిదీ కాదు. గోవాలో పని నేర్చుకునేటప్పుడు, దొంగలా ఆలోచించి ఒక గుర్తు కనిపెట్టమంటే ఆమే కనిపెట్టింది. ఊరికి వచ్చాక ఒకే ఒక్కరికి చూపించింది. వంటింట్లో, అన్నం తింటూ. "ఇట్లాంటిది వేలికి తగిలితే నోరు మెదపకుండా లేచి వచ్చేయ్ రా," అని.

ఆ రోజు ఇంకా చాలా చెప్పింది. ఎంత పోతే పర్వాలేదో ఇంట్లోనే అనుకుని అంతే జేబులో పెట్టుకుపో. అది అయిపోతే లే. పోయింది రాబట్టుకోవాలని పందెం పెంచకు. మందు తాగి కూర్చోకు. ముక్కలు బాగాలేకపోతే మొహమాటపడకుండా పడేయ్. అప్పు చేసి ఆడకు. గెలుపు మీద ఉన్నప్పుడు లేవడం నేర్చుకో, అదే అన్నిటికన్నా కష్టం. తమ్ముడు ఆ మాటలన్నీ పాటిస్తున్నాడనే ఆమె ఇన్నాళ్లూ నమ్మింది.

"చీకటిగా ఉందన్నా. వెలుతుర్లో చూసి వస్తా," అంది. "నరేశూ, రా."

షెడ్డు వెనక మొక్కజొన్న గాలికి గరగరలాడుతోంది. నల్లమల వైపు ఆకాశం మబ్బు పట్టి ఉంది.

"నువ్వేనా?"

నరేశ్ నేలచూపులు చూశాడు. "నెమ్మదిగా మాట్లాడక్కా."

"ఎందుకురా? అన్నీ చెప్పినా గదా. ఎట్ల ఆడాలనో, ఎప్పుడు లేయాలనో!"

"చెప్పినావ్. అన్నీ చేసినా. తాగలా. అప్పు చేయలా. టయానికి లేసినా." నరేశ్ గొంతులో ఉక్రోషం. "ఏమాయ? తక్కువ పోయింది, అంతే. నీ మాటలింటే తక్కువ పోతాదక్కా. గెలుపు రాదు. నాకు గెలవాలని ఉండె."

వాడన్నది నిజమే. ఆ సంగతి గోవాలో ప్రతి రాత్రీ బల్లకి అవతల నిలబడి ఆమె చూసిందే. ఎంత తెలివిగా ఆడినా ఓటమి ఆలస్యమవుతుంది, అంతే. ఆ చివరి మాట మాత్రం తమ్ముడికి చెప్పలేదు. అది చెప్పాక ఇక ఎలా ఆడాలో చెప్పడానికేముంది?

"పోయి ఒప్పుకో," అంది.

"పిచ్చా నీకు? ఆ ప్రేమ్ సాగర్ నన్ను బతకనిస్తాడా?"

"ఆయప్ప చెయ్యి పోతాదిరా!"

"ముసిలోడక్కా. ఇంగెన్నాళ్లు బతుకుతాడు? నేను ఆటో తోలాల." చేతులు జోడించాడు. "నీ తమ్మున్ని. నీకు నేను గాక ఎవరుండారు?"

అదీ నిజమే. ఆమెకి ఇంకెవరూ లేరు.

లోపలికి నడిచింది. నరేశ్ వెనకే వచ్చాడు. పటం ముందు ఉన్న కొత్త పేక తీసి, ఒక్కో ముక్క అంచు తడిమి బల్ల మీద పరిచింది.

"చూడన్నా. సీలు విప్పిన పేక. నిన్నట్నుంచి ఈయప్ప కాడ్నే ఉంది. ఒక్క ముక్కకి గుర్తు లేదు. ఈయప్పే అయితే ఈపాటికి పెట్టుండాల. ఆట మొదలైతే పేక మళ్లీ ఈయప్ప చేతికి రాదు గదా! ఆట నడుస్తాంటే, ముక్కలు చేతిలో ఉన్నప్పుడు నొక్కిన నొక్కులివి. ఆడేటోడే పెట్టినాడు."

కొండయ్య తల ఎత్తాడు.

సురేంద్ర కొత్త పేక అంచులు తనే తడిమి చూశాడు. "సరే. ఆడేటోళ్లలో ఎవుడు?"

చందన బల్ల మీది ముక్కలు ఏరుతూ ఉండిపోయింది.

"తెలిసే అడ్డమొస్తాండావా, తెలీక అడ్డమొస్తాండావా?" సురేంద్ర గొంతులో మర్యాద మాయమైంది. "నాకు పేరు కావాల. లేదంటే ఉన్న చెయ్యే కొడతాం. బావా, కానీ."

ప్రేమ్ సాగర్ మణికట్టు వదిలి సుత్తి అందుకున్నాడు. "ఎవరన్నా పట్టుకోండప్పా, కదులుతాడు."

గోడ పక్కన నిలబడ్డ ఆటగాళ్లు నలుగురూ తలలు తిప్పుకున్నారు. ఒక్కడు ముందుకొచ్చాడు. నరేశ్. కొండయ్య మణికట్టు మీద రెండు చేతులూ వేసి, బల్లకి అదిమి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాయనా, తాడు పట్టుకునే చెయ్యిది," అన్నాడు కొండయ్య వాడితోనే. "ఎడమది తీసుకోండి."

నరేశ్ పట్టు సడలలేదు. సుత్తి లేచింది.

వాడు ఇప్పుడైనా వదిలేస్తాడని చందన చివరి క్షణం దాకా చూసింది. వాడు ఇంకా గట్టిగా అదిమాడు.

"ఆగన్నా!"

సుత్తి గాలిలో ఆగింది. అందరూ ఆమె వైపు తిరిగారు. నరేశ్ కూడా తిరిగాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఆ ముసలాయన్ని వదలండి," అంది చందన. తమ్ముడి చేతుల వైపు చూపించింది. "గుర్తులు పెట్టినోడు ఆయన చెయ్యి పట్టుకున్నోడే. నరేశ్. నా తమ్ముడు నరేశ్."