ఇంటిబండికి గిడుగు

ఆ ఉదయం ఆకాశం కొండ దిగి వచ్చి గెస్టుహౌసు పచ్చిక మీదే కూర్చుంది. సిల్వర్ ఓక్ చెట్లకు మొదళ్ళు కనిపిస్తున్నాయి గాని కొమ్మలు కనిపించడం లేదు. తూర్పున సూర్యుడు మజ్జిగలో వెన్నముద్దలా తేలీ తేలనట్టున్నాడు.

డ్రైవరు యర్రయ్య దుప్పటి కప్పుకుని బండి మెట్టు దిగాడు. దిగీ దిగగానే చెవి వెనక చారెడు చన్నీళ్ళు పడ్డాయి. పచ్చిక మధ్యలో స్ప్రింక్లరు టిక్కు టిక్కుమంటూ తిరుగుతోంది. ముప్పావు చుట్టు గడ్డి మీద, పావు చుట్టు బండి మీద.

బండంటే మామూలు బండి కాదు. మంచం, పొయ్యి, అద్దం, కుళాయి, స్నానాల గది, అన్నీ లోపలే ఉన్న బస్సు. కాగితాల్లో దాని పేరు కారవాన్. అరకు సంతకు పోయేవాళ్ళు ఆగి చూసి ఇంటిబండి అన్నారు, ఆ పేరే నిలిచింది. విశాఖపట్నంలో కొండబాబు అనే ఆసామి సినిమావాళ్ళకు అద్దెకు తిప్పుదామని దాన్ని చేయించాడు. ఒళ్ళంతా నిగనిగలాడే నల్లరంగు.

"దాని మీద నా మొకం అగుపడాల, యర్రయ్యా. అగుపడలేదో, నీ మొకం నాకు అగుపడకూడదు. మళ్ళీ నీళ్ళ టాంకరే నీకు" అని చెప్పి మరీ కొండ ఎక్కించాడు.

రేపు పొద్దున్నే సినిమా కంపెనీ మేనేజరును వెంటబెట్టుకుని వస్తున్నాడు. బండి నచ్చితే రెండు నెలల షూటింగు, బండితో పాటు యర్రయ్య. నచ్చకపోతే టాంకరు. పదకొండేళ్ళు వీధి వీధినా బిందెలవాళ్ళ తిట్లు తిన్నవాడికే ఆ కొలువు రుచి తెలుస్తుంది.

ఎండ కాస్త ముదిరేసరికి బండి ఎడమ పక్కంతా అమ్మవారు పోసిన మొహంలా తెల్లటి చుక్కలు తేలాయి. అక్కడి బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. గుడ్డతో తుడిస్తే పోలేదు. గోటితో గీరితే పోలేదు. యర్రయ్య గబగబా తోటమాలి దగ్గరకు నడిచాడు.

తోటమాలి గాసిది డుంబ్రిగుడ పక్క ఊరు. ఏభై దాటిన మనిషి. మాటలు కూడా విత్తనాల్లాగే చూసి చూసి వాడతాడు.

"గాసన్నా, ఆ తిరుగుడు రేపొక్క పూట ఆపుదూ" అన్నాడు యర్రయ్య.

"ఆపితే గడ్డి సచ్చిపోతాది."

"ఒక్క పూటకే సచ్చిపోతాదేటి గడ్డి?"

గాసి వాడి చెయ్యి పట్టుకుని పచ్చిక చివరికి తీసుకుపోయాడు. అక్కడ నాలుగు చాపల మేర గడ్డి పెనం మీద మరిచిపోయిన రొట్టెలా మాడి ఉంది.

"మొన్న ఈడికి నీరందలేదు. మంచు గడ్డకట్టింది. దాని మీద ఎండ పడిపోయింది" అన్నాడు. "ఎండొచ్చీలోగా మంచు కడిగీయాల."

ఆ రోజుకు సరిపడా మాట్లాడేసినట్టు ఊరుకున్నాడు. కాసేపటికి మళ్ళీ ఆయనే, "బండి తీసీ" అన్నాడు.

తియ్యడానికి చోటేదీ. గెస్టుహౌసు మొత్తానికి సమంగా ఉన్న గచ్చు అదొక్కటే. మిగతాదంతా వాలు. వాలులో పెడితే లోపల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, మంచం మీద పడుకున్నవాడు గోడ మీదికి జారుతాడు. అది చూసి ఏ మేనేజరు మెచ్చుకుంటాడు.

యర్రయ్య వంటింట్లోకి పోయి దోసెడు చింతపండు తెచ్చి నీళ్ళలో పిసికాడు. ఇత్తడి చెంబును మెరిపించేది ఇనుప బండిని మెరిపించదా అని వాడి లెక్క. తోమగా తోమగా చుక్కలు పోయాయి. పోయాక వాడికి కాస్త ఊపిరాడింది. అప్పటికి గాసి భార్య ఈశ్వరమ్మ చేతులు కడుక్కుని వచ్చి వెనక నిలబడి ఉంది. గెస్టుహౌసులో వంట ఆవిడదే.

"బండికి పులుసెట్టీసావా, మరిదీ?" అంది. "ఉప్పేసావా మరి?"

"నవ్వకు వదినా. కొలువు పోయీలాగుంది."

"నానెక్కడ నవ్వుతన్నాను. ఆ చింతపండు మజ్జేన్నం పప్పులోది. మాకు సప్పిడి కూడు, నీ బండికి పులుసు కూడు."

తోమడం అయితే అయ్యింది గాని, రేపు కొండబాబు వచ్చేసరికి మళ్ళీ నీళ్ళు పడతాయి, మళ్ళీ చుక్కలు లేస్తాయి. ఓనరు ఎదుట పులుసు పిసుకుతూ కూర్చోలేడు. అందుకని కాఫీ పిక్కలు ఆరబోసే టార్పాలిన్ ఒకటి అడిగి తెచ్చి బండి పక్కన వేలాడదీశాడు. గాలి లేచి అది అటూ ఇటూ కొట్టుకుంది. గాసి దాని అంచు ఎత్తి చూశాడు. బట్టకు అంటుకున్న ఎండు తొక్కలు నల్లరంగు మీద పిల్లి గోళ్ళలా రెండు గీతలు గీశాయి. ఆయనే తాడు విప్పి టార్పాలిన్ మడిచి యర్రయ్య చేతిలో పెట్టాడు.

"పదకొండేళ్ళు నీళ్ళు మోసినోడు నీటి సుక్కకి జడుసుకుంతన్నాడు" అంది ఈశ్వరమ్మ మొగుడితో. "పోనీ, బండికో గిడుగు కుట్టీమంటావా, మరిదీ?"

గిడుగంటే వానాకాలంలో నాట్లేసేవాళ్ళు నెత్తి నుంచి నడుం దాకా వేసుకునే ఆకుల గొడుగు. వెదురు చట్రం, దాని మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకు. ఆవిడ సరదాకే అంది. యర్రయ్య మాత్రం రెండు చేతులూ జోడించాడు.

"కుట్టీ వదినా. నీ కాళ్ళకి మొక్కుతాను."

ఈశ్వరమ్మ నవ్వు ఆపి గాసి వైపు చూసింది.

"అన్నావు గదా" అన్నాడు గాసి. "కుట్టు."

మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ ఆకుకు కొండెక్కారు. గాసి నడుస్తుంటే చెప్పుల చప్పుడైనా లేదు. యర్రయ్య వెనకాల టాంకరు గేరు మార్చినట్టు రొప్పుతూ ఎక్కాడు. గాసి రెండుసార్లు ఆగాడు, తీగ చూడడానికన్నట్టు. అక్కడ తీగేమీ లేదని యర్రయ్య గమనించాడు గాని పైకి అనలేదు.

సాయంత్రం ఈశ్వరమ్మ గుమ్మంలో కూర్చుని ఆకు మీద ఆకు పెట్టి వెదురు పుల్లతో కుట్టుకుంటూ పోయింది. కింది వరస మీదికి పై వరస దిగాలి, పెంకుల్లాగ. యర్రయ్య కూడా ఒక పుల్ల తీసుకున్నాడు. మొదటి ఆకు చిరిగింది. రెండోది చిరిగింది. మూడోది తీసుకోబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీ బాబూ. అడివి నీ ఒక్కడిది కాదు."

పొద్దు గూకేలోగా గాసి ఆ ఆకుల తడికను నాలుగు గుంజలకు బిగించాడు. బండికి ఆనించి కట్టమని యర్రయ్య తొందరపడ్డాడు.

"ఆనితే తడి దానికే ఎక్కుతాది" అన్నాడు గాసి. "మా గోడకైనా జానెడు ఎడం ఒగ్గుతాం" అంటూ మనిషి దూరేంత ఎడం వదిలాడు.

తెల్లవారింది. స్ప్రింక్లరు తిరిగింది. నీళ్ళు వచ్చి ఆకుల మీద పటపటా కొట్టి కిందికి జారిపోతున్నాయి. యర్రయ్య తడికకూ బండికీ మధ్య దూరి నిలబడ్డాడు. మొహం మీద ఒక్క చుక్క పడలేదు. బండి రేకు మీద చెయ్యి వేసి చూశాడు. పొడిగా ఉంది.

అలా చెయ్యి వేసుకుని ఉండగానే గేటు దగ్గర కారు ఆగింది. తొమ్మిదికి వస్తానన్న కొండబాబు ఏడున్నరకే దిగాడు, వెనకే మంకీ క్యాపులో సినిమా మేనేజరు. కొండబాబు పచ్చిక అవతలే నిలబడిపోయాడు.

"ఏటిది? నా బండికి పాక కట్టీసావేటి?"

యర్రయ్య తడిక వెనక నుంచి బయటికొచ్చాడు. గాసి కుళాయి కట్టి, నెమ్మదిగా వచ్చి, రెండు గుంజలు పీకి తడికను పక్కకు జరిపాడు. కొండబాబు దగ్గరకొచ్చి నల్లరంగులోకి వంగి చూశాడు. అటు కొంచెం, ఇటు కొంచెం తిరిగాడు. మఫ్లరు సర్దుకున్నాడు. పిల్లి గీతల దగ్గర ఆగి వేలితో రుద్దాడు.

"ఇదేటి?"

"టార్పాలిన్ కట్టాను బాబూ. నా తప్పే" అన్నాడు యర్రయ్య. "తరవాత ఈ ఆకు మా వదిన కుట్టింది."

మేనేజరు మాత్రం బండి చుట్టూ తిరగనే లేదు. సరాసరి లోపలికెక్కి, కుళాయి తిప్పి, "వేడినీళ్ళు వస్తాయా?" అని అడిగాడు. వస్తాయన్నారు. మంచం మీద కూర్చుని ఒకసారి ఊగి చూసి, ఎల్లుండి అనంతగిరి దగ్గరకు పంపమన్నాడు.

కొండబాబు కారెక్కుతూ అద్దం దించాడు. యర్రయ్య పరుగున దగ్గరకు పోయాడు.

"టాంకరుకి ఇంకోణ్ణి సూసుకుంతాను. ఆ గీతల సంగతి మాత్రం నువ్వే సూసుకో" అని అద్దం ఎత్తేశాడు.

కారు పోయాక కూడా యర్రయ్య గేటు దగ్గరే ఉండిపోయాడు.

"మేనేజరు బయటేపు సూడనేలేదు గదా, మరిదీ" అంది ఈశ్వరమ్మ.

"లేదు వదినా."

"మరి నిన్నటి నించీ దేనికో ఆ బెంగ?"

వాడు బండి వైపు చూశాడు. మజ్జేన్నం కూటికి బేగి రమ్మని ఆవిడ లోపలికి నడిచింది.

మధ్యాహ్నం వంటింటి వెనక ఎండలో ముగ్గురూ కూర్చున్నారు. సామల అన్నం, ఎండబెట్టిన లేత వెదురు కొమ్ముల కూర. ఈశ్వరమ్మ వాడి అన్నం మీద ఇంకో గరిటె కూర వేసింది. గాసి ఉప్పు డబ్బా ముందుకు తోశాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.