అభ్యంతరాల పుస్తకం

బిహి టేబుల్ మీద దుమ్ము తుడిచి, నీలం అట్ట పుస్తకాన్ని మళ్లీ అంచుకు సరిగ్గా జరిపాడు. పక్కనే రెండు వందల పేజీల నివేదిక. అగాదిర్ పట్నం వెళ్లే రోడ్డును నాలుగు వరుసలకు వెడల్పు చేస్తే చెట్లకూ నీళ్లకూ మనుషులకూ ఏమవుతుందో అందులో ఫ్రెంచిలో రాసి ఉంది. అభ్యంతరాలున్నవాళ్లు వచ్చి నీలం పుస్తకంలో రాయాలి. ఇరవై రోజుల గడువు. ఇవాళే ఆఖరు. ఇంతవరకూ అందులో ఒక్క అక్షరం పడలేదు.

బిహి పొట్టి మనిషి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గ్రామ కార్యాలయంలో జనన మరణాలు రాసి రాసి కుడిచేతి మధ్యవేలు పక్కకు వంగిపోయింది. కాలర్ అరిగితే తిరగేసి కుట్టించుకున్న చొక్కా. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. నివేదికను మొదటిరోజే చదివాడు. "తిన్‌వార్గ్ దగ్గర వాడకంలో ఉన్న నీటి వనరులు లేవు" అన్న వాక్యం దగ్గర ఆగి, మూసేశాడు. అతను పుట్టింది తిన్‌వార్గ్‌లోనే.

"ఏం బిహీ, ఈగలు తప్ప ఎవరైనా వచ్చారా?" భోజనానికి వెళ్తూ సెక్రటరీ అబ్దెలాలీ గుమ్మంలో ఆగాడు.

"లేదండీ."

"మంచిదే. ఒక్క అభ్యంతరం పడ్డా ఫైలు మళ్లీ మొదటికొస్తుంది, పైవాళ్లు నా పీక మీద కూర్చుంటారు. ఎవరైనా వస్తే నాలుగు మంచి మాటలు చెప్పి పంపెయ్. నీ పింఛను కాగితాల మీద సంతకం పెట్టాల్సింది కూడా నేనేగా!" నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అది హాస్యమో బెదిరింపో బిహికి తెలియలేదు.

అరగంట తర్వాత తిన్‌వార్గ్ నుంచి ఇజ్జా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్లదాకా ఎర్రదుమ్ము.

"నువ్వే ఉన్నావా బిహీ! బతికాను. ఇంకెవడైనా అయితే మన కొండభాష అర్థమయ్యేది కాదు. రాయి నాయనా, మా వానతొట్టి సంగతి రాయి."

"కూర్చో అత్తా."

"మా అత్తగారి తాత రాతిలో తొలిచిన తొట్టి. కొండ మీది వాన అందులోకే దిగుతుంది. మూడిళ్లకు అవే నీళ్లు. రోడ్డు కట్ట ఎత్తు చేస్తే చుక్క రాదు. అక్కడ నీళ్లే లేవని రాశారట, బడిపంతులు చెప్పాడు. ఆ కొలతలవాళ్లు మా తొట్టి మూత మీదే కూర్చుని టీ తాగారయ్యా! ఆ నీళ్లతోనే కాచి పోశాను!"

బిహి తలవంచుకుని కలం మూత తీశాడు.

"నువ్వు రాస్తే మాట నిలబడుతుంది," అందామె. "ఫ్రాన్సు గనుల్లో ఉన్న మీ మామకి నీ పన్నెండో ఏట నా తరఫున ఉత్తరం రాసిపెట్టావు చూడు, అది చూసే కదా మనిషి తిరిగొచ్చాడు."

తేదీ రాశాడు. ఆమె పేరు, ఊరు రాశాడు. గదిలో ఇంకెవరూ లేరు. చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లూ లేరు. కలం కాసేపు ఆగి, మళ్లీ కదిలింది. 'రోడ్డు వెడల్పుకు నాకు అభ్యంతరం లేదు.'

"ఏదీ, చదువు."

చదివాడు. తొట్టీ, కొండ వానా, టీ, అన్నీ ఆమె చెప్పినట్టే, ఒక్క మాట పొల్లుపోకుండా చదివాడు. వేలు ఆ ఒక్క వాక్యం దాటి ఖాళీ కాగితం మీద కిందికి జారుతూ పోయింది. ఆమె కళ్లు వేలితోపాటే కదిలాయి.

"ఇంత చిన్న రాతలో అంతా పట్టిందే!"

"అరబ్బీలో పొట్టిగా వస్తుంది అత్తా."

అతను సిరా డబ్బా ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్ది, నిండుగా ముద్ర వేసి, అతని తల నిమిరి వెళ్లింది.

కాగితం చింపేద్దామంటే ప్రతి పేజీకీ నంబరూ ముద్రా ఉన్నాయి. వేలిముద్ర కింద చోటుంది. అక్కడ అసలు మాట రాద్దామని కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో, తలెత్తేసరికి సెక్రటరీ ఎదురుగా ఉన్నాడు. పుస్తకం తన వైపు తిప్పుకుని చదివి, అతని భుజం తట్టాడు. "ఇంతకన్నా ఏం కావాలి!"

"అది... అది ఆవిడ చెప్పింది కాదండీ."

సెక్రటరీ అతనికేసి తేరిపార చూశాడు. "రాత నీదేగా?"

బిహి కలానికి మూత పెట్టాడు. సెక్రటరీ పుస్తకాన్ని కవరులో పెట్టి లక్క సీలు వేశాడు.

ఆ చలికాలంలో ఇజ్జా నిద్రలోనే పోయింది. ఆమె మరణం రాసింది కూడా బిహియే. ఉద్యోగంలో అతనికి అదే ఆఖరి వారం. రాయించడానికి వచ్చిన కూతురు సంచిలోంచి ఒక సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. "తొట్టి సంగతి రాసిపెట్టావట కదన్నా. ఇది నీకివ్వమని పోయేముందు పదేపదే చెప్పింది. మా ఆర్గాన్ చెట్ల గింజల నూనె. తిరగలి తనే తిప్పి తీసింది."

అతను మరణపత్రం మీద ముద్ర వేసి ఆమె చేతికిచ్చాడు. శుక్రవారం తాళాలు అప్పగించి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. ఆఫీసులో అతని టేబుల్ మీద ఆ సీసా అలాగే ఉంది. మూతికి బిగించి కట్టిన గుడ్డముక్క, మెడదాకా పచ్చని నూనె, అడుగున సన్నగా పేరుకుంటున్న మడ్డి.