డ్రోన్ పొట్ట కింద కుంకుమ

ఇంటికి ఏ బండి వచ్చినా బొట్టు పెట్టందే కదలనివ్వదు సత్యవాణి. ఐర్లండ్ వచ్చాక బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కొన్న కారుకి పెట్టింది, సైకిల్‌కి పెట్టింది, ఆఖరికి ఇల్లు ఊడ్చే రోబోకీ పెట్టింది. అలాంటిది, కూతురు నిఖిలకి ఎయిర్ కేడెట్ల దళం వాళ్ళు సాధనకని ఇచ్చిన డ్రోన్‌ని వదులుతుందా? దళం పెట్టిన పోటీకి బయల్దేరేముందు నిఖిల బూట్లు వేసుకుంటుంటే, చటుక్కున దాన్ని తిరగేసింది. పొట్ట కింద కళ్ళలాంటి గాజు బిళ్ళలు రెండు కనిపించాయి. కళ్ళున్నచోట బొట్టు లేకపోతే ఎలా? తడి కుంకుమ మధ్యలో అద్దింది. అది కాస్త అటూ ఇటూ బిళ్ళల మీదికి పాకింది కూడా.

గెలిచినవాళ్ళకి నిజం విమానంలో పైలట్ పక్కన సీటు, పైన కాసేపు నడిపే వీలూ. ఉన్నది ఒక్కటే. కొన్ని వారాలుగా నిఖిల నోట ఆ సీటు తప్ప మరో మాట లేదు.

డ్రోహెడా ఊరు దాటాక చిన్న ఎయిర్‌ఫీల్డ్, దాని పక్కనే రేకుల హాలు. డ్రోన్‌ని రింగుల్లోంచి పోనిచ్చి, కుర్చీకి పైన గాల్లో కదలకుండా నిలిపి, దింపాలి. మిగతా పిల్లలవి మేకు కొట్టినట్టు నిలబడ్డాయి. నిఖిలది లేచీ లేవగానే గోడవైపు జారిపోయింది.

"కింది కెమెరాలు నేలని చూస్తేనే అది తనంతట తాను నిలబడుతుంది. ఇవాళ అవి పనిచేస్తున్నట్టు లేవు," అంది శిక్షకురాలు జెస్సికా. "నిఖిలా, దింపేయ్. వేరేది ఇస్తాను."

సత్యవాణికి తను అద్దిన కుంకుమ గుర్తొచ్చింది. కూతురి సీటు తన చేత్తోనే పోగొట్టింది.

నిఖిల తల తిప్పకుండానే వద్దంది. పెదవి కొరుక్కుంటూ, రెండు బొటనవేళ్ళతో జారుతున్న డ్రోన్‌ని ఒడుపుగా వెనక్కి లాక్కొచ్చింది. ఒక రింగు దాటింది. రెండోది దాటింది. కుర్చీకి పైన అది ఇటు ఒరిగితే అటు, అటు ఒరిగితే ఇటు సర్దుతూ ఆపింది. మెల్లగా దింపింది.

జెస్సికా డ్రోన్ తిరగేసి ఎర్ర మరక చూసింది. సత్యవాణి లేచి నిలబడింది.

"అది నేనే పెట్టానండీ. తప్పు నాది. పిల్లకి ఇంకో చాన్స్ ఇవ్వండి."

"ఇంకోటి దేనికి? మిగతావాటిని కెమెరాలు నిలబెట్టాయి. దీన్ని మీ అమ్మాయి నిలబెట్టింది. సీటు తనదే."

తోటి కేడెట్లే ముందు చప్పట్లు కొట్టారు.

"ఆవిడ దింపమంటే దింపలేదేమే?" అంది సత్యవాణి, ఆనందం పట్టలేక కూతుర్ని కుదిపేస్తూ.

నిఖిల మొహం వెలిగిపోతోంది. "మమ్, ఫస్ట్ టైమ్ ఐ వాజ్ యాక్చువల్లీ ఫ్లయింగ్ ఇట్."

గాలి అనుకూలంగా ఉంది, ఇప్పుడే వెళ్దామన్నాడు పైలట్. ఇన్నాళ్ళూ ఆ సీటు కోసం దేవుళ్ళందరికీ మొక్కిన సత్యవాణికి, అది నేల వదిలి లేస్తుందన్న సంగతి అప్పుడు తట్టింది. ఆపుదామనుకుంది. కూతురి మొహం చూసి, "ఎక్కు తల్లీ," అంది.

విమానం లేచింది. సత్యవాణి కంచె వెంబడి పరుగులాంటి నడకతో వెళ్తూనే ఉంది. పైన రెక్క ఒకవైపు వాలింది, మళ్ళీ సర్దుకుంది. ఆవిడ టక్కున ఆగిపోయింది.

"ఇప్పుడు నడిపేది మా అమ్మాయే," అంది, పక్కనున్న ముక్కూమొహం తెలియనాయనతో.