మునగాకు తాగిన పంది

పోలేరయ్య బేరాన్ని చెడగొట్టింది పశువుల డాక్టరు చంద్రమోహన్. ఇందులో అనుమానం లేదు. చెప్పాల్సింది చెప్పని డాక్టరు వల్ల పందులు పెంచేవాడు మునుగుతాడు. పోలేరయ్య మునిగాడు.

నిజానికి బేరం ఏడాదిగా, భార్య చెంచమ్మ పోయినప్పటి నుంచీ తగ్గుతూనే ఉంది. అంతకుముందు ఆత్మకూరులో ఆదివారం పందిని కోస్తే పది గంటలకల్లా మాంసం అయిపోయేది. ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకోవడమే పని. జనం కలిగిరి నుంచి వచ్చే పెంచలయ్య దగ్గర కొంటున్నారు. జనానికి నాలుకలు చచ్చాయని పోలేరయ్య తేల్చేశాడు. తప్పు తనదేమోనన్న అనుమానం మాత్రం రాలేదు. తన మీద అతనికి అంత గౌరవం.

ఉదయగిరిలో పందుల పెంపకందార్లకు ఒకరోజు శిక్షణ పెట్టారు. మునగాకు, వాము, వెల్లుల్లి, పసుపు ఉడికించి, వడకట్టిన రసాన్ని మేతలో కలిపితే మాంసం రంగు నిలుస్తుందని, కొవ్వు తొందరగా చెడదని చంద్రమోహన్ మైకులో చెప్పాడు. ఊరి బడిలో ఐదో తరగతి చదివిన పోలేరయ్య అంతా రాసుకున్నాడు.

పెళ్లాం జ్వరంతో పడుకుంటే మిరియాల కషాయం కాచివ్వని మనిషి, పందికి రెండు నెలలు పొద్దున్నే రసం కాచాడు. పైగా ఫ్లెక్సీ కొట్టించాడు: ‘మూలికల మేత పంది మాంసం’. అందులో ఒక పక్క పంది, ఒక పక్క తను. ఎవరెవరో తెలియడానికి కింద పేరు వేయించాడు. ఈసారీ గిరాకీ రాకపోతే పందులు అమ్మేసి కూలికి పోవడమే.

ఆ ఆదివారం జనం వచ్చారు. పందిని గడ్డిమంటలో కాల్చాక, చెవి ముక్క కోసి ఉప్పద్ది మొదటి గిరాకీ చేతిలో పెట్టడం అక్కడి అలవాటు. పాత గిరాకీ ఓబమ్మ ఆ ముక్క నమిలింది. నమలడం ఆపింది.

“ఏంది పోలేరన్నా, దీన్ని సోమశిల డ్యాములో పెంచినావా?”

“ఏమైంది?”

“చేప వాసన. పంది బొమ్మెందుకు, బొచ్చెచేప బొమ్మ వేయించుకోవాల్సింది.”

వెనక ఉన్నవాళ్లు నవ్వారు.

“మునగాకు రసం తాపినాను ఓబమ్మా. డాక్టరు చెప్పినాడు.”

“ఆకులు సరే. చేపల చెత్త ఎప్పుడు మాన్పినావు?”

“మాన్పేదెందుకు? నిన్న కూడా రెండు గంపలు పోసినా. బలం గదా.”

ఓబమ్మ ముక్క ఉమ్మేసింది. “చెంచమ్మ కోతకు నెల ముందే మాన్పేది. తవుడూ తోటకూరా పెట్టేది. ఆమె చెత్త తెచ్చుకునే చేపలు కోసేకాడ ఆడోళ్లందరికీ తెలుసు. నీకు చెప్పలేదా?”

చెప్పింది. ప్రతి కోతకూ చెప్పింది. చేపల చెత్త గంప మోయడానికి బద్ధకించి సాకులు చెబుతోందని అతను నలుగురిలో నవ్వాడు. ఆమె చనిపోయిన వారం నుంచీ కోత రోజు దాకా చేపల తలకాయలు పోశాడు. ఇన్నాళ్లకు పందులకు కడుపునిండా తిండి దొరికిందని చెప్పుకు తిరిగాడు కూడా.

అక్కడే నిలబడి డాక్టరుకు ఫోను చేశాడు.

“చేపల సంగతి చెప్పలేదేంది సార్?”

“చెప్పానే. భోజనాలకు ముందు అరగంట అదే చెప్పాను. నెల ముందే ఆపాలని, ఏ ఆకురసమూ ఆ వాసన పోగొట్టదని. మీరు లేరా?”

లేడు. అప్పటికే కోడికూర వరసలో అందరికంటే ముందున్నాడు.

“పోనీ, వచ్చే శిక్షణకు రండి. మీకు జరిగింది నలుగురికీ చెప్పండి.”

“రాను సార్.”

జనం ఒక్కొక్కరే పెంచలయ్య వైపు నడిచారు. ఓబమ్మ మాత్రం ఆగింది. “నెల మాన్పి మళ్లీ కోయన్నా. నేనే మొదట వస్తా. చెంచమ్మ ఇంకా ఏమేం చేసేదో చెప్తా, రాసుకో.”

పోలేరయ్య కత్తి తుడిచాడు.

“చేపలు మాన్పుతా. ఆమె మాట మాత్రం నా కాడ ఎత్తొద్దు. బతికినన్నాళ్లు ఎగతాళి చేసిన నోరు ఇది. ఆమె చెప్పిందే నిజమన్న మాట దీంట్లోంచి రాదు.”